"గట్టిగా పట్టుకో" అనే సలహాతో నా తగాదా

పిస్టల్ ఫైరింగ్ ఉన్న రోజు చాంద్‌మారీ (ఫైరింగ్ మైదానం) పక్కన కాసేపు నిలబడి వినండి. గుండు టార్గెట్‌లో కిందికి పోతే ఉస్తాద్ (శిక్షకుడు) "గట్టిగా పట్టుకో" అంటాడు. ఎడమకి పోతే "ఇంకా గట్టిగా" అంటాడు. పిస్టల్ మూతి ఎగిరితే "అన్నం తినలేదా, గట్టిగా పట్టు" అంటాడు. మా గడ్చిరోలి జిల్లాలో ఈ మాట తెలుగులోనూ, మరాఠీలోనూ, హిందీలోనూ వినిపిస్తుంది. భాష మారుతుంది గాని మందు మారదు. నేననేది ఏమిటంటే, ఈ మూడు తప్పుల్లో మొదటి రెండింటిని చాలాసార్లు ఆ సలహాయే పుట్టిస్తుంది. మూడోదానికి అది సగం మందే.

పోలీసు శిక్షణలో ఫైరింగ్‌కి మూడు సూత్రాలు నూరిపోస్తారు: మజ్బూత్ పకడ్ (గట్టి పట్టు), సహీ శిస్త్ (సరైన గురి), దురుస్త్ ట్రిగర్ ఆపరేషన్ (ట్రిగ్గర్ సరిగ్గా లాగడం). అర్ధరాత్రి లేపి అడిగినా కుర్రాళ్లు అప్పజెప్తారు. రైఫిల్‌కి ఇవి చక్కగా సరిపోతాయి. రైఫిల్‌కి బట్టు (వెనక చెక్క) ఉంది, దాని వెనక భుజం ఉంది, పడుకుని కొడితే కింద నేల ఉంది. తన్నుని (పేలినప్పుడు వెనక్కి వచ్చే దెబ్బని) మోయడానికి ఒళ్లంతా ఉంది. పిస్టల్‌కి ఉన్నవి రెండు అరచేతులే. పైగా ఆ రెండిట్లో ఒకదాని చూపుడువేలు ట్రిగ్గర్ మీద వేరే పనిలో ఉంటుంది. రైఫిల్ మీద నేర్చుకున్న గట్టి పట్టుని యథాతథంగా పిస్టల్ మీదికి తెచ్చేస్తే ఆ వేలి పని చెడుతుంది.

నాది సిరోంచ. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసేచోట, కాళేశ్వరానికి ఇవతలి ఒడ్డు. జిల్లా మహారాష్ట్రదే అయినా మా ఇళ్లల్లో తెలుగే. పోలీసు ఉద్యోగంలో ఎక్కువ కాలం ఆయుధాల శిక్షణలోనే గడిచింది. రిటైరయ్యాక బల్లార్షాలో స్థిరపడ్డాను. బొగ్గు గనుల్లో, కాగితం మిల్లులో పనిచేసే తెలుగువాళ్లు ఇక్కడ చాలామందే. వాళ్ల పిల్లలు పోలీసులో చేరితే, లేదా ఎవరైనా లైసెన్సు పిస్టల్ కొనుక్కుంటే, మాట ఎలాగో నా దగ్గరికి వస్తుంది. అడిగిన ప్రతివాడికీ ఇదంతా మొదటినుంచి చెప్పే ఓపిక తగ్గింది కాబట్టి రాస్తున్నాను.

ముందు బలం సంగతి తేల్చేద్దాం. సిరోంచ, అహేరి, ఆలాపల్లి వైపు నుంచి వచ్చిన కుర్రాడి చేతుల్లో బలం లేదని ఎవరైనా అంటే నాకు నవ్వొస్తుంది. అవి వెదురు కొట్టిన చేతులు, టేకు దుంగలు మోసిన ఇళ్ల చేతులు. ఆ చేత్తో పిస్టల్‌ని నలిపేసేంత గట్టిగా పట్టుకుని కూడా పది మీటర్ల దూరంలో గుండ్లని టార్గెట్ కింది అంచుకి కొడతారు. కొరత బలంలో లేదు. ఏ చెయ్యి, ఎక్కడ, ఎప్పుడు బలం పెట్టాలన్నది ఎవరూ చెప్పకపోవడంలో ఉంది.

తన్ను అంటే ఏమిటో కొంచెం లెక్కగా చూద్దాం. 9 ఎంఎం గుండు బరువు సుమారు 7.5 గ్రాములు. బ్యారెల్ దాటేటప్పుడు దాని వేగం సెకనుకి 350 మీటర్ల దరిదాపు. నిండు మ్యాగజైన్‌తో (గుండ్లు నింపి పిడిలో దూర్చే పెట్టె) పిస్టల్ బరువు కిలోకి కాస్త అటూ ఇటూ. న్యూటన్ మూడో సూత్రం ప్రకారం గుండు, దానితోపాటు బయటికి పోయే గ్యాస్ ఎంత ఊపు తీసుకుంటాయో పిస్టల్‌కి అంత ఊపు వెనక్కి దక్కుతుంది. లెక్క వేస్తే పిస్టల్ సెకనుకి దాదాపు 3 మీటర్ల వేగంతో మీ మీదికి రావాలని చూస్తుంది. మామూలు మనిషి భయపడాల్సిన సంఖ్య కాదిది. పన్నెండు బోరు తుపాకీ భుజం మీద పేల్చినవాళ్లకి ఇది తన్నే కాదు.

అసలు విషయం వేగంలో కన్నా సమయంలో ఉంది. గుండు బ్యారెల్ లోపల ఉండేది సెకనులో వెయ్యో వంతు కూడా కాదు. చప్పుడు వినబడి గాని, అరచేతికి దెబ్బ తెలిసి గాని, మెదడు చెప్పి చెయ్యి కదలడానికి ఎంత చురుకైనవాడికైనా సెకనులో పదో వంతుకి పైనే పడుతుంది. ఆ లోపు గుండు 25 మీటర్ల టార్గెట్‌ని చీల్చుకుని వెనక మట్టికట్టలోకి పోయి ఉంటుంది. అంటే పిస్టల్ పేలాక మీరు చేసే ఏ పనీ ఆ గుండుకి తగలదు. పేలకముందు చేసి ఉన్నదే తగులుతుంది.

దీన్ని ఒప్పుకుంటే సగం తగాదా తీరినట్టే. మొదటి గుండు కిందికి పోయిందంటే అది తన్ను వల్ల కాదు. తన్ను వస్తుందని ముందే తెలిసిన చెయ్యి, పేలడానికి ఒక్క క్షణం ముందు పిస్టల్‌ని కిందికి నొక్కేసింది. అది ఉలికిపాటు. తన్నుని అదుపు చేయడం అన్నది రెండో గుండుకి సంబంధించిన పని: లేచిన ఫ్రంట్ సైట్ (మూతి మీది గురి ముక్క) ఎంత త్వరగా, ఎంత నేరుగా తిరిగి అదే చోటికి వస్తుంది అన్నది. ఉలికిపాటుకి మందు వేరు, తన్నుకి మందు వేరు. ఉస్తాద్ రెండిటికీ కలిపి "గట్టిగా" అన్నప్పుడు కుర్రాడు ఏం చేస్తాడు? తన్నుని ఆపాలి కాబోలు అనుకుని ముందుగానే బిగుసుకుంటాడు. బిగుసుకున్నకొద్దీ ఉలికిపాటు పెరుగుతుంది, గుండు ఇంకా కిందికి పోతుంది, ఉస్తాద్ ఇంకా గట్టిగా అంటాడు.

ఎడమకి పోవడం సంగతి కూడా ఇలాంటిదే. కుడిచేత్తో దేన్నైనా గట్టిగా పిడికిలి బిగించి, చూపుడువేలు ఒక్కటే మెల్లగా, నేరుగా వెనక్కి లాగి చూడండి. కష్టంగా ఉంటుంది. వేళ్లని ముడిచే కండరాలు ముంజేతిలో ఒకే చోట అల్లుకుని ఉంటాయి. మిగతా మూడు వేళ్లు పూర్తి బలంతో బిగిసినప్పుడు చూపుడువేలు స్వేచ్ఛగా కదలదు, చూపుడువేలు లాగినప్పుడు మిగతావి కూడా ఇంకాస్త ముడుచుకుంటాయి. పిస్టల్ పిడి పితికినట్టవుతుంది, మూతి కిందికీ ఎడమకీ తిరుగుతుంది. కుడిచేతివాటం వాళ్ల టార్గెట్లలో ఎడమ కింది మూల చిల్లులు పడటానికి ఎక్కువసార్లు ఇదే కారణం. సైట్ తప్పుగా ఉందని ఆర్మరర్ (ఆయుధాలు బాగుచేసేవాడు) దగ్గరికి పరిగెత్తే ముందు, అదే పిస్టల్‌తో ఇంకొకరిని కొట్టమనండి.

అయితే వదులుగా పట్టుకోవాలా? కానే కాదు. మణికట్టు వదులైతే ఇంకో తలనొప్పి. ఆటోమేటిక్ పిస్టల్‌లో స్లైడ్ (పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) వెనక్కి పూర్తిగా వెళ్లాలంటే కింద ఫ్రేమ్ నిలకడగా ఉండాలి. ఫ్రేమ్ కూడా స్లైడ్‌తోపాటే వెనక్కి వస్తే స్లైడ్ తన దారి పూర్తి చేయదు, ఖాళీ ఖోకా (పేలిన గుండు తొడుగు) బయటపడే లోపే సందులో ఇరుక్కుంటుంది. గ్లాక్ లాంటి తేలిక ఫ్రేమ్ పిస్టళ్లలో ఇది తొందరగా బయటపడుతుంది. కాబట్టి నేను అడిగేది వదులు కాదు. బలాన్ని కుడిచేతి వేళ్ల నుంచి ఎడమచేతికీ, మణికట్లకీ మార్చమంటున్నాను, అంతే.

ఇక పట్టు సంగతి. కుడిచెయ్యి ముందు. తన్ను వచ్చేది బ్యారెల్ గీత వెంట. చెయ్యి ఆ గీతకి కింద ఉంటుంది. ఈ రెండిటి మధ్య ఎత్తు ఎంత ఉంటే మూతిని పైకి తిప్పే బలం అంత. ఆ ఎత్తు పిస్టల్ తయారుచేసినవాడు కొంత నిర్ణయిస్తాడు, మిగతాది మీ చేతిలో ఉంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న సందు పిడి వెనక వీలైనంత పైకి, తోక (పిడి పైన వెనక్కి పొడుచుకొచ్చిన కొస) కిందికి దూరిపోవాలి. మధ్యవేలు ట్రిగ్గర్ గార్డ్ అడుగుని తాకుతూ ఉండాలి. అక్కడ సందు కనబడితే చెయ్యి కిందికి జారినట్టే. పిస్టల్ వెనక్కి వచ్చినప్పుడు ముంజేయి ఎముక వెంట నేరుగా రావాలి, బొటనవేలి కీలు మీదికి కాదు.

మన పోలీసు దగ్గర చాలాకాలంగా ఉన్న 9 ఎంఎం 1ఏ పిస్టల్‌తో ఇక్కడే ఒక చిక్కు. ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ చేసిన ఈ పిస్టల్ బ్రౌనింగ్ హై-పవర్ వంశం. జాన్ బ్రౌనింగ్ మొదలుపెట్టి 1926లో చనిపోతే, బెల్జియంలో ద్యూదొనే సైవ్ పూర్తిచేసిన డిజైన్ అది. 13 గుండ్లు పడతాయి, నమ్మకమైన సాధనం. కానీ దాని హ్యామర్‌కి (పిస్టల్ వెనక ఉండే కొట్టే సుత్తికి) చేతిని కొరికే అలవాటుంది. సందు మరీ పైకి పెడితే, స్లైడ్ వెనక్కి వచ్చి హ్యామర్‌ని వంచినప్పుడు చర్మం దాని కింద నలుగుతుంది. కండ ఎక్కువున్న చేతులకి రక్తం వస్తుంది కూడా. ఒకసారి కొరికించుకున్నవాడు తర్వాత తెలియకుండానే చెయ్యి కిందికి దించుకుంటాడు, అక్కడినుంచి మూతి ఎగరడం మొదలవుతుంది. అతన్ని తిట్టి లాభం లేదు. కొరికేచోటుకి ఒక వెంట్రుకవాసి కిందికి చెయ్యి పెట్టించి, ఆ లోటుని ఎడమచేత్తో పూడ్చడమే మార్గం. గ్లాక్‌కి బయట హ్యామర్ లేదు, బ్యారెల్ గీత కూడా చేతికి దగ్గరగా ఉంటుంది. అందుకే అది చేతికొచ్చిన కుర్రాళ్లు "దీనికి తన్ను తక్కువ సార్" అంటారు. పిస్టల్ తేలికైనది కాబట్టి లెక్క ప్రకారం వెనక్కి వచ్చే వేగం ఎక్కువే ఉండాలి. తగ్గింది మూతి లేవడం.

కుడిచేత్తో పిడి పట్టుకున్నాక ఎడమవైపు చూడండి. వేళ్ల కొసలకీ, అరచేతి మొదలుకీ మధ్య పిడి చెక్క కొంచెం ఖాళీగా కనబడుతుంది. రెండు చేతుల పట్టు రహస్యం ఏదన్నా ఉంటే అది ఆ ఖాళీలోనే ఉంది. ఎడమచేతి బొటనవేలి కింది కండ, అరచేతి మొదలు ఆ ఖాళీలో అతుక్కోవాలి. చాలామంది ఎడమచెయ్యిని కుడిచేతి వేళ్ల మీద కప్పుతారే గాని ఆ చెక్కని తాకరు. అప్పుడు పిస్టల్‌ని పట్టుకున్నది ఒక్క కుడిచెయ్యే. ఎడమది కుడిచేతిని పట్టుకుంది. పేలినప్పుడు పిస్టల్ ఎటు సందు ఉంటే అటు పారిపోతుంది. ఎడమవైపు ఖాళీ ఉంటే ఎడమకి వాలుతూ లేస్తుంది, తిరిగి వచ్చేటప్పుడు అదే చోటికి రాదు.

ఖాళీలో అరచెయ్యి పెట్టాక ఎడమ మణికట్టుని ముందుకీ కిందికీ వంచాలి, బొటనవేలు టార్గెట్ వైపు చూపించేలా. మొదట్లో ఇది ఇబ్బందిగా ఉంటుంది, మణికట్టు లాగుతుంది. ఆ లాగడమే మనకి కావలసింది. కీలు ఇంక ముందుకి వంగలేని చోట ఆగి ఉంటే పిస్టల్ మూతి పైకి లేవడానికి ఆ కీలుని వెనక్కి తిప్పుకుంటూ రావాలి. మణికట్టు సగంలో వేలాడుతూ ఉంటే దాన్ని ఆపడానికి కండ ఒక్కటే ఉంటుంది, కండ రెండో మ్యాగజైన్‌కి అలిసిపోతుంది. ఎడమ చూపుడువేలు ట్రిగ్గర్ గార్డ్ కిందికి గట్టిగా ఆనుకోవాలి, మిగతా మూడూ కుడిచేతి వేళ్ల మీద. తర్వాత పిండటం. కుడిచెయ్యి ముందు-వెనక, ఎడమచెయ్యి రెండు పక్కల నుంచి. ఎడమచేత్తో ఎంతైనా పిండండి, వణుకు రానంతవరకు. దాని చూపుడువేలికి ట్రిగ్గర్ పని లేదు కదా, బిగిస్తే చెడేదేమీ లేదు.

ఎడమ అరచేతిని మ్యాగజైన్ అడుగున పళ్లెంలా పెట్టి, దాని మీద కుడిచేతిని ఉంచే పద్ధతి ఇంకా కొన్నిచోట్ల నేర్పుతున్నారు. సినిమాల్లో పోలీసులూ అలాగే పట్టుకుంటారు. పిస్టల్ బరువు మోయడానికి అది పనికొస్తుంది. కానీ పిస్టల్ కిందికి పడిపోవడం మన సమస్య కాదు, పైకి లేవడం. కింద పెట్టిన చెయ్యి పైకి లేచేదాన్ని ఎలా పట్టుకుంటుంది? ఈ ఒక్క ప్రశ్న అడిగితే జవాబు చెప్పలేక "మాకు ఇలాగే నేర్పారు" అన్న ఉస్తాదులు ఉన్నారు. ఎడమ బొటనవేలిని కుడిచేతి వెనకకి చుట్టి పెట్టేవాళ్లని మాత్రం వెంటనే ఆపండి. స్లైడ్ వెనక్కి వచ్చినప్పుడు ఆ వేలిని కోసేస్తుంది.

మూతి అసలు లేవకూడదని కూడా అనుకోవద్దు. లేస్తుంది. స్లైడ్ వెనక్కి కొట్టినప్పుడు లేస్తుంది, ముందుకి మూసుకున్నప్పుడు కొంచెం దిగుతుంది. ఫ్రంట్ సైట్ నేరుగా పైకి వెళ్లి, నేరుగా దిగి, మీరేమీ చేయకుండానే వెనక సైట్ గాడిలో కూర్చుంటే పట్టు కుదిరినట్టు. లేచినదాన్ని మీరు చేత్తో కిందికి నొక్కి తేవాల్సి వస్తుంటే ఆ నొక్కుడు త్వరలోనే ముందుగా, అంటే పేలకముందే, రావడం మొదలవుతుంది. అదే ఉలికిపాటు.

ఈ మాటలు చెప్పినప్పుడల్లా ఈమధ్య ఒక ప్రశ్న వస్తోంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ రెండు కాంస్యాలు తెచ్చింది ఒక్క చేత్తో కదా, మరి రెండు చేతుల గొడవ ఎందుకు అని. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య పోటీల్లో పిస్టల్‌ని ఒక్క చేత్తోనే పట్టాలన్నది నియమం. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 25 మీటర్ల పిస్టల్ కొట్టినా అదే నియమం. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో క్వాలిఫికేషన్‌కి 60 షాట్లు, గంటంపావు సమయం. ఎయిర్ పిస్టల్‌కి తన్ను దాదాపు లేదు. ట్రిగ్గర్ 500 గ్రాములు లాగితే చాలు. అక్కడ పరీక్ష నిశ్చలత్వానికి. సర్వీస్ పిస్టల్ ట్రిగ్గర్ అంతకు ఎన్నో రెట్లు బరువు, గుండు గుండుకీ తన్ను, సమయం సెకన్లలో. రెండు ఆటల్నీ కలిపి మాట్లాడితే రెండూ అర్థం కావు.

నిజానికి ఒంటిచెయ్యి పద్ధతి గుర్రపు సైన్యం కాలం నుంచి వచ్చింది. ఒక చేతిలో కళ్లెం ఉండేది. గుర్రం పోయాక కూడా ఆ చెయ్యి చాలాకాలం ఖాళీగానే వేలాడింది. అమెరికాలో లాస్ ఏంజెలెస్ కౌంటీ డిప్యూటీ షెరిఫ్ జాక్ వీవర్ 1950ల చివర్లో పోటీల్లో రెండు చేతులతో, కంటి ఎత్తున పట్టుకుని కొట్టి గెలవడం మొదలుపెట్టాక మిగతావాళ్లు ఒప్పుకున్నారు. జెఫ్ కూపర్ అనే శిక్షకుడు దాన్ని ఊరూరా ప్రచారం చేశాడు. వీవర్‌ది కుడిచెయ్యి తోస్తే ఎడమచెయ్యి లాగే పద్ధతి, ఒళ్లు పక్కకి తిరిగి ఉంటుంది. 1980ల మొదట్లో రాబ్ లేథం, బ్రయన్ ఎనోస్ లాంటి పోటీ షూటర్లు రెండు చేతులూ సమానంగా చాపి, బొటనవేళ్లు ముందుకి పెట్టే పద్ధతిని స్థిరపరిచారు. నేను పైన చెప్పిన పట్టు ఆ దారిదే. వీవర్ పద్ధతిని పాతదని కొట్టేసేవాళ్లంటే నాకు పెద్ద గౌరవం లేదు. ఎడమచేతికి పని ఉందని ముందు చూపించింది ఆయనే. అయితే తోయడం, లాగడం రెండూ ప్రతిసారీ ఒకే మోతాదులో ఉండాలి, కాస్త తేడా వస్తే గుండు పక్కకి పోతుంది. అలిసిన చేతులతో ఆ మోతాదు నిలవదు. కొత్తవాళ్లకి నేర్పడానికి సమానంగా పిండటమే సులువు.

చిన్న చేతుల మాట చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ జరిగే అన్యాయం ఎవరికీ పట్టదు. మహిళా కానిస్టేబుళ్ల గుండ్లు చెదిరితే "ఆడపిల్ల చెయ్యి, బలం చాలదు" అని రాసేస్తారు. సిరోంచ తాలూకా అమ్మాయి ఒకతె నాతో అన్నమాట గుర్తుంది: "గట్టిగనే పట్టుకున్న సార్, గోర్లు తెల్లగైతున్నయ్ చూడుండ్రి." నిజమే, తెల్లబడ్డాయి. ఆమెకి కావలసింది బలం కాదు. హై-పవర్ పిడిలో రెండు వరుసల మ్యాగజైన్ ఉంటుంది, పిడి లావు. పొట్టి వేళ్లు చుట్టుకునేసరికి చూపుడువేలు కొస మాత్రమే ట్రిగ్గర్‌కి అందుతుంది, అదీ పక్క నుంచి. పక్క నుంచి తోస్తే మూతి పక్కకి పోక ఏం చేస్తుంది? "బిడ్డా, పిస్టల్‌ని చేతిలో కొంచెం తిప్పు" అని, చూపుడువేలు మొదటి గణుపు మెత్తటిచోటు ట్రిగ్గర్ మీద నేరుగా పడేదాకా తిప్పించాను. అలా తిప్పితే పిస్టల్ ముంజేతి గీతలోంచి కాస్త తప్పుతుంది, తన్ను బొటనవేలి మొదలు మీదికి వస్తుంది. నష్టమే. కానీ ఎడమవైపు చెక్క మీద ఖాళీ పెరుగుతుంది, ఎడమచేతికి ఇంకా ఎక్కువ చోటు దొరుకుతుంది. చిన్న చేతులవాళ్లకి ఎడమచెయ్యే ఆధారం. వాళ్లకి నేర్పేటప్పుడు సమయం అంతా అక్కడే పెట్టాలి.

లైసెన్సుదారుల సంగతి క్లుప్తంగా. 9 ఎంఎం మన దేశంలో ప్రొహిబిటెడ్ బోర్ (నిషేధించిన కొలత), మామూలు పౌరుడికి దొరకదు. మా వైపు కాంట్రాక్టర్లు, పెద్ద రైతుల దగ్గర ఉండేది .32 పిస్టలో రివాల్వరో. ఎన్నికలొస్తే స్టేషన్‌లో జమ, మిగతా కాలం బీరువాలో. .32 పిస్టల్ గుండు ఊపు 9 ఎంఎంలో సగానికి తక్కువే, అయినా పిడి చిన్నది కాబట్టి చిటికెనవేలు గాలిలో వేలాడుతుంది. ఆ వేలిని అడుగుకి ముడిచి, దాని కిందికి ఎడమచేతి చిటికెనవేలు తెచ్చి పెట్టండి. రివాల్వర్ అయితే నేను పైన చెప్పిన బొటనవేళ్ల పద్ధతి పనికిరాదు, ప్రమాదం. సిలిండర్‌కీ బ్యారెల్‌కీ మధ్య సందులోంచి వేడి గ్యాస్ పక్కకి చిమ్ముతుంది, ముందుకి చాపిన బొటనవేలు అక్కడికే పోతుంది. బొటనవేళ్లు రెండూ వెనకే, ఒకదాని మీద ఒకటి ముడిచి ఉంచాలి. కాన్పూర్ ఫ్యాక్టరీ 2014లో తెచ్చిన నిర్భీక్ రివాల్వర్ బరువు అర కిలో. బ్యాగులో వేసుకోవడానికి సుఖం, పేల్చడానికి కాదు. అదే గుండు బరువైన రివాల్వర్‌లో పేలిస్తే తన్ను తక్కువ తెలుస్తుంది. పెళ్లిలో గాల్లోకి పేల్చే సరదా ఉన్నవాళ్లు ఆయుధాల చట్టానికి 2019 సవరణ తర్వాత అది రెండేళ్ల దాకా జైలు పడే నేరమని గుర్తుపెట్టుకోండి. పట్టు ఎంత బాగున్నా పైకి పోయిన గుండు ఎక్కడో దిగుతుంది.

ఇంటర్నెట్‌లో 60-40 అని ఒక లెక్క తిరుగుతోంది: ఎడమచేత్తో 60 పాళ్లు, కుడిచేత్తో 40 పాళ్లు అని. కొందరు 70-30 అంటారు. మనిషి చేతికి తూకం రాళ్లు లేవు, దీన్ని ఎవరూ కొలవలేరు. ఎడమచెయ్యి ఎక్కువ పని చేయాలన్న భావానికి ఆ లెక్క గుర్తు, అంతవరకు మంచిదే. నేను కుర్రాళ్లకి చెప్పేది వేరు. కుడిచెయ్యి బిగింపు పెంచుకుంటూ పో, చూపుడువేలు బరువెక్కినట్టు అనిపించగానే అక్కడినుంచి కాస్త తగ్గించు. అదే నీ కుడిచేతి హద్దు. మిగతాదంతా ఎడమచేతికి వదిలెయ్. ముఖ్యంగా ఆ బిగింపు ట్రిగ్గర్ మీద వేలు కదలకముందే పూర్తయి ఉండాలి, ఆఖరి గుండు దాకా మారకూడదు. పేలేటప్పుడు బిగించేవాడి గుండ్లు చెదురుతాయి.

మోచేతులు తాళం వేసినట్టు నిటారుగా పెట్టకండి, దెబ్బ నేరుగా భుజానికి పోయి ఒళ్లు వెనక్కి ఊగుతుంది. కొంచెం వంచి, కొంచెం బయటికి. బరువు మునివేళ్ల వైపు. భుజాలు చెవుల దాకా లేపకండి. కాళ్ల గురించి ఇంతకన్నా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

గుండ్లు కొదవ అని అందరూ అంటారు. నిజమే, ఏడాది మొత్తానికి కోటాలో దొరికేవి లెక్కపెట్టినవి, ఖాళీ ఖోకాలు కూడా ఏరి లెక్క చెప్పాలి. కానీ పట్టు నేర్చుకోవడానికి గుండు అక్కర్లేదు. డ్రై ప్రాక్టీస్ చాలు: గుండ్లు వేరే గదిలో పెట్టి, ఛాంబర్ కంటితో చూసి, వేలితో తాకి, మట్టి గోడ వైపు. హై-పవర్ తరహా పిస్టల్‌లో మ్యాగజైన్ లేకపోతే ట్రిగ్గర్ పనిచేయదు కాబట్టి ఖాళీ మ్యాగజైన్ పెట్టాలి. అది నిజంగా ఖాళీయేనా అని ఇంకోసారి చూడాలి. ట్రిగ్గర్ లాగినప్పుడు ఫ్రంట్ సైట్ ఎటు తొణికిందో గోడ మీద స్పష్టంగా కనబడుతుంది. చప్పుడు లేదు, తన్ను లేదు, అయినా తొణికితే తప్పు ఎవరిదో మీకే తెలుస్తుంది.

చాంద్‌మారీలో మాత్రం ఒక పని చేయించండి. మ్యాగజైన్‌లో గుండ్ల మధ్య ఒకటో రెండో డమ్మీలు (పేలని ఉత్తుత్తి గుండ్లు) కలిపి, ఎక్కడున్నాయో కొట్టేవాడికి చెప్పకుండా ఇవ్వండి. డమ్మీ దగ్గర టక్ మని ఆగినప్పుడు మూతి కిందికి కుంగిందంటే అది ఉలికిపాటు. పక్కనున్న పదిమందీ చూస్తారు కాబట్టి వాడు వాదించలేడు. కుంగడం తగ్గేదాకా అతని తన్ను గురించి మాట్లాడనే వద్దు. తగ్గాక రెండేసి గుండ్లు, ఏడు మీటర్ల దూరంలో, ఒకదాని వెంట ఒకటి. రెండూ నిలువుగా ఒకదానిపై ఒకటి పడుతుంటే పట్టు సమానంగా ఉంది, వేగం కొంచెం తగ్గించుకుంటే సరిపోతుంది. రెండోది ఎప్పుడూ ఒకే పక్కకి పోతుంటే ఆ పక్క అరచేతికీ చెక్కకీ మధ్య సందు ఉంది. మొదటి గుండు పేలాక ఎడమచేతిని మళ్లీ సర్దుకుంటున్నాడంటే అది మొదట్లోనే సరిగ్గా కూర్చోలేదు.

ఇక ఎండ. మే నెలలో చంద్రపూర్, బల్లార్షాల్లో 45 డిగ్రీలు దాటుతుంది. చెమట పట్టిన అరచేతిలో పైన చెప్పినదంతా సబ్బు ముక్కలా జారిపోతుంది. కొందరు నేల మీది దుమ్ము తీసి చేతులకి రుద్దుకుంటారు. ఆ దుమ్ము స్లైడ్ పట్టాల్లోకి పోయి దాన్ని ఆడనివ్వదు, మాన్పించాలి. పాత సైకిల్ ట్యూబ్ ముక్క కోసి పిడికి తొడిగితే జారదు, చవక. మ్యాగజైన్ మీటకీ, సేఫ్టీకీ అడ్డం రాకుండా కోయాలి. పిడి మరీ లావైతే చిన్న చేతులవాళ్లకి వద్దు. సర్కారీ పిస్టల్ అయితే ముందు ఆర్మరర్‌ని అడగండి. ఆయన ఒప్పుకోకపోతే జేబులో నూలు గుడ్డ ఒకటి పెట్టుకుని, లోడ్ ఆర్డర్ రాకముందే రెండు అరచేతులూ, పిడి చెక్కలూ పొడిగా తుడుచుకుంటే ఒక మ్యాగజైన్ వరకు పట్టు నిలుస్తుంది.